మస్టాంగ్‌కు హైవే మీద లీటరుకు పది రాదా? హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా ఒక మెకానిక్ లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2017 మోడల్ మస్టాంగ్ జీటీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 43 వేల కిలోమీటర్లు తిరిగింది. శనివారం హనుమకొండ నుంచి ఉప్పల్, ఆదివారం రాత్రి వాపసు. స్పోర్ట్ ప్లస్ మోడ్‌లో నడుపుతారు, రోడ్డు ఖాళీ దొరికితే 140. లీటరుకు 6.5 దాటడం లేదు. "ఐదు లీటర్ల ఇంజిన్‌కు ఇంతేనా, బండిలో ఏదైనా లోపం ఉందా?"

ఇంతే కాదు. ఇంకో మూడున్నర కిలోమీటర్లు రావాలి. తేడాలో పెద్ద ముక్క మీ కాలి దగ్గర ఉంది, చిన్న ముక్క బండి కింద ఉండొచ్చు. రెండూ చెప్తాను.

నేను జగిత్యాల వైపు వాణ్ని. మా ఊళ్లో సగం మంది లాగే దుబాయ్ బాట పట్టి, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పదకొండేళ్లు చేశాను. మన దగ్గర షెడ్డుకు స్విఫ్ట్‌లు వచ్చినట్టు అక్కడ మస్టాంగ్‌లు, కొర్వెట్‌లు వచ్చేవి. ఇప్పుడు కాజీపేటలో సొంత షెడ్డు. ఇక్కడ ఇలాంటి బండ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కానీ, వాటి యజమానులందరికీ ఒకటే నమ్మకం: స్పోర్ట్స్ కారు కొన్నాక మైలేజీ గురించి అడగడమే పరువు తక్కువ. మీరు అడిగారు, సంతోషం.

షార్జాలో మొదటి ఏడాది నాకూ అదే నమ్మకం ఉండేది. ఒకసారి సర్వీసుకు వచ్చిన కొర్వెట్‌ను అబుదాబిలో ఉన్న ఓనరు ఇంటికి చేర్చి రమ్మన్నారు. 6.2 లీటర్ల వీ8, ఏడు గేర్ల మాన్యువల్. పక్కన మా ఫోర్‌మన్ కూర్చున్నాడు, ఎక్కువ లాగితే జీతంలో కోస్తానని ముందే చెప్పాడు. భయపడుతూ ఏడో గేర్లో వందకు అటూఇటూగా తీసుకెళ్లాను. దిగాక మీటర్ చూస్తే లీటరుకు పన్నెండు దగ్గర ఉంది. మీటర్ చెడిపోయింది అనుకున్నాను. ఫోర్‌మన్ నవ్వి, ఆ బండికి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన హైవే లెక్కే గ్యాలనుకు 29 మైళ్లు అన్నాడు. మన లెక్కలో లీటరుకు 12.3. ఇక్కడ పెద్ద ఎస్‌యూవీలు కొన్ని పెట్రోలు మీద అంత ఇవ్వవు.

మీ మస్టాంగ్ ఆటోమేటిక్‌కు అదే అమెరికా హైవే లెక్క గ్యాలనుకు 25 మైళ్ల దరిదాపుల్లో, అంటే లీటరుకు పదిన్నర దాకా. అక్కడ పెట్రోల్లో మామూలుగా పది శాతం ఇథనాల్, ఇక్కడ ఇప్పుడు ఇరవై. ఆ తేడా తీసేస్తే పది, పదింబావు మీరు పెట్టుకోవాల్సిన గురి. వారానికి మూడు వందల కిలోమీటర్లకు ఇప్పుడు 46 లీటర్లు తాగుతున్న బండి 30 తాగుతుంది. లీటరు వంద వేసుకున్నా వారానికి పదహారు వందలు.

ఇక అసలు సంగతి. మీ బండికి నాలుగు వందల హార్స్‌పవర్ ఉంది. సమతలం మీద వంద వేగంలో నిలకడగా పోవడానికి దానికి కావలసింది ఇరవై, ఇరవై రెండు. మన ఊళ్లో దుక్కి దున్నే 45 హెచ్‌పీ ట్రాక్టరులో సగం. అంటే హైవే మీద మీ ఇంజిన్ తన బలంలో ఇరవయ్యో వంతు కోసం తిరుగుతోంది. పెట్రోలు ఎక్కువ కాలేది బలం వాడటం వల్ల కాదు, వాడకపోవడం వల్ల. పెళ్లి గుండిగలో ఇద్దరికి అన్నం వండినట్టు: బియ్యం ఉడకడం కంటే గుండిగ వేడెక్కడానికే కట్టెలు అయిపోతాయి. ఇంజిన్‌లోకి గాలి పోయే తలుపు, అంటే థ్రాటిల్, దాదాపు మూసుకుని ఉంటుంది, ఎనిమిది పిస్టన్లు ఆ సన్న సందులోంచి గాలి పీల్చుకోవడానికి తన్నుకుంటుంటాయి. ఆ తన్నులాటకు పెట్రోలే ఖర్చు.

దీనికి మందు ఇంజిన్‌ను తక్కువ సార్లు తిప్పడం. మీ గేర్‌బాక్సులో ఆరో గేరు నిష్పత్తి 0.69. ఆరో గేర్లో వంద దగ్గర టాకోమీటరు ముల్లు, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది, 1,700 నుంచి 1,900 మధ్య ఉండాలి. మీరు స్పోర్ట్ ప్లస్‌లో పోతున్నారు కాబట్టి బండి ఆరో గేరుకు పోవడానికి ఒప్పుకోదు, పోయినా కాలు కొంచెం తాకితే నాలుగుకు దిగుతుంది. నాలుగో గేరు 1.14. అదే వేగానికి ఇంజిన్ ఒకటిన్నర రెట్లకు పైగా తిరుగుతుంది. ఆ మోత బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ మడికొండ దాటాక నార్మల్‌కు మార్చండి. ఇంకో చిన్న కిటుకు: 75, 80 దగ్గర కాలు ఒక్క క్షణం కొద్దిగా లేపి మళ్లీ ఆన్చండి. గేర్‌బాక్సు దాన్ని 'ఇక చాలు' అన్నట్టు తీసుకుని పై గేరుకు వెళ్తుంది, ముల్లు కిందికి జారుతుంది. అలవాటైతే మీకే తెలియకుండా చేస్తారు.

ఇప్పుడు వేగం. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వర్గంలా పెరుగుతుంది. 100 దగ్గర ఎంత అడ్డు ఉంటుందో 140 దగ్గర దానికి దాదాపు రెట్టింపు. టైర్ల రాపిడి ఏ వేగంలోనైనా ఇంచుమించు ఒకటే. నా లెక్కన మీ బండి 95లో నిలకడగా పోతే లీటరుకు పదకొండు దాటగలదు, 140లో నిలకడగా పోతే ఎనిమిది చుట్టూ. "మరి నాకు ఎనిమిది కూడా ఎందుకు రావట్లేదు?" అని అడుగుతారు. ఎందుకంటే మన రోడ్డు మీద 140లో నిలకడగా ఎవడూ పోలేడు.

ఈ ముక్క మీదే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. మైలేజీ పోయేది యాక్సిలరేటర్ మీద కంటే బ్రేకు మీద. మీ బండి మనిషితో కలిపి 1,700 కిలోలకు పైనే. 140లో ఉన్నదాన్ని 40కి దించి, మళ్లీ 140కి తెచ్చారనుకోండి. ఆ వేగం తిరిగి తెచ్చుకోవడానికి దాదాపు 140 మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. చాయ్ గ్లాసు నిండా పెట్రోలు పోసి బ్రేకు డిస్కుల మీద ఒలకబోసినట్టు. అదే 95 నుంచి 40కి దిగి ఎక్కితే ఆ గ్లాసులో సగం కూడా కాదు, అరవై మిల్లీలీటర్లు.

ఇప్పుడు మన ఎన్‌హెచ్-163 మీద గ్లాసులు లెక్కపెట్టండి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒకటి, రఘునాథపల్లి దగ్గర డివైడర్ సందులోంచి యూటర్న్ కొట్టే ఆటోకు ఒకటి, కోమళ్ల టోలు, జనగామ దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకు, ఆలేరు, యాదగిరిగుట్టకు పోయే బండ్లు రాయగిరి దగ్గర మందగిస్తాయి కాబట్టి అక్కడ ఒకటి, గూడూరు టోలు, బీబీనగర్. మీ వేగంలో ప్రతి చోటా పూర్తి గ్లాసు. పది, పన్నెండు గ్లాసులంటే లీటరున్నర. ఇదంతా చేసి మీరు మిగిల్చుకునేది ఎంత? మడికొండ నుంచి ఘట్‌కేసర్ దాకా మహా అయితే పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ నారపల్లి నుంచి ఉప్పల్ మధ్య ట్రాఫిక్‌లో లారీ వెనకాల నిలబడి తిరిగి ఇచ్చేస్తారు.

కాబట్టి 'మెల్లగా పోండి' అని కాదు నేను చెప్పేది. బ్రేకు వేయాల్సిన అవసరం రాని వేగంలో పోండి. మన రోడ్డు మీద పగటిపూట అది 90, 95. రోడ్డు పక్కన బోర్డు మీద ఉన్న హద్దు కంటే కూడా మనుషులు, మేకలు పెట్టే హద్దు అది. అర కిలోమీటరు ముందు చూడండి. టోలు షెడ్డు కనిపించగానే కాలు పూర్తిగా తీసేయండి. గేర్లో ఉండగా కాలు తీస్తే ఈ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు మూసుకుంటాయి. అంత దూరం మీరు చుక్క పెట్రోలు లేకుండా పోతున్నట్టు. డ్యాష్‌బోర్డు మీద అప్పటికప్పుడు మైలేజీ చూపే గడిలో ఆ సంఖ్య చివరిదాకా ఎగబాకడం చూసే ఉంటారు. కొందరు ఇక్కడ న్యూట్రల్‌లో వేసి జారుస్తారు, అదేదో తెలివి అనుకుని. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది. డబ్బులూ దండగ, ప్రాణానికీ ముప్పు.

క్రూజ్ కంట్రోల్ వాడొచ్చా? రాత్రి తొమ్మిది దాటి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వాడండి. చిన్న చిన్న ఎత్తుల మీద మాత్రం దాన్ని నమ్మొద్దు. వేగం రెండు అంకెలు పడితే చాలు, అది కంగారుపడి గేరు దించుతుంది. మీ కాలితో అయితే ఎత్తు ఎక్కేటప్పుడు ఐదు తగ్గనిచ్చి, దిగేటప్పుడు తిరిగి రానిస్తారు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది. మీరు పోయేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత అని విడిగా రాసుకున్నారా? ఉప్పల్ వైపు నేల సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, మన దగ్గర 270 చుట్టూ. దారిలో ఎక్కడా ఘాటు లేదు కాబట్టి తెలియదు కానీ, శనివారం మీరు రెండు వందల మీటర్లకు పైగా ఎక్కుతున్నారు, ఆదివారం దిగుతున్నారు. అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి నాలుగు వందల మిల్లీలీటర్ల దాకా పెట్రోలు పోతుంది. వచ్చేటప్పుడు అందులో చాలావరకు తిరిగొస్తుంది, బ్రేకుల మీద ఒలకబోయకపోతే. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు మీటర్ చూసి 'నేను పోసిన కొత్త పెట్రోలు బ్రహ్మాండం' అని చెప్పేవాళ్ల మాట నేను వినను. రానూపోనూ కలిపిందే లెక్క.

బండి వైపు వద్దాం. మొదట నాకు అనుమానం వచ్చేది ఇంజిన్ ఆయిల్. పాత ఓనరు ఎక్కడ సర్వీసు చేయించాడో కనుక్కోండి. మీ ఐదు లీటర్ల ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన ఆయిల్ 5డబ్ల్యూ-20, ఏడున్నర లీటర్లకు పైగా పడుతుంది. నీళ్లలా పల్చగా ఉంటుంది. అది చూసి మన దగ్గర మెకానిక్కులకు మనసొప్పదు. "రామగుండం ఎండలకు ఇది ఆగుతుందా సార్" అని 20డబ్ల్యూ-50 పోస్తారు. రెండేళ్ల కింద కరీంనగర్ నుంచి ఇదే మోడల్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఓనరు ఫిర్యాదు మైలేజీ గురించి కాదు, పొద్దున స్టార్ట్ చేస్తే టకటక చప్పుడు. ఆయిల్ దించితే బెల్లం పాకంలా వచ్చింది. అంత చిక్కటి ఆయిల్‌ను పంపు చేయడానికే ఇంజిన్ కష్టపడాలి, చల్లగా ఉన్నప్పుడు మరీ. అదీకాక ఈ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌లను ముందుకూ వెనక్కీ జరిపే ఏర్పాటు కూడా ఆయిల్ మీద ఆధారపడి ఉంటుంది. సన్నటి దారుల్లోంచి పల్చటి ఆయిల్ పోతుందని లెక్కవేసి చేసిన ఏర్పాటు అది. చిక్కటిది పోస్తే క్యామ్‌లు ఆలస్యంగా కదులుతాయి, మైలేజీకి కావలసిన టైమింగ్ దొరకదు. సరైన ఆయిల్ పోసి పంపాను. చప్పుడు పోయింది, నెల తర్వాత ఫోన్ చేసి లీటరుకు అర కిలోమీటరు పైగా పెరిగిందన్నాడు. ఎండకు ఆయిల్ పాడవుతుందనే భయం అక్కర్లేదు: బయట నలభై ఐదున్నా ఇంజిన్ లోపల వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ చూసుకుంటాయి. షార్జాలో ఎండ ఎంతో చెప్పాలా? అక్కడ ఈ ఇంజిన్లకు ఇరవై నంబరు ఆయిలే పోసేవాళ్లం.

థర్మోస్టాట్ అన్నాను కదా, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు, అదీ చూడండి. తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ ఎప్పటికీ పూర్తి వేడికి రాదు, కంప్యూటరు ఇంకా చలిగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంటుంది. హైవే మీద ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు రాకుండా కిందే ఆడుతుంటే దాని పని అయిపోయినట్టే. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్ కంప్యూటరు తగిలించే చోటు) పెట్టే చిన్న డాంగిల్ కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. ఫోన్లో ఫ్యూయల్ ట్రిమ్ అనే లెక్క కనిపిస్తుంది, కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేది. అది సున్నాకు అటూఇటూ ఐదు లోపు ఉంటే సరే. ఎప్పుడూ పది దాటి ఒకవైపే ఉంటే ఆక్సిజన్ సెన్సర్ గానీ, గాలి లీకు గానీ, ఇంజెక్టర్ గానీ వెతకాలి.

బ్రేకులు పట్టేసుకోవడం ఇంకోటి. వారమంతా బండి కవరు కింద ఉంటుందని రాశారు. అలా నిలబడే బండ్లకు క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి, ప్యాడ్ డిస్కును వదలదు. పరీక్ష సులువు: హైవే మీద ఇరవై నిమిషాలు నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా ఆగి, నాలుగు చక్రాల దగ్గర అరచేయి పెట్టండి. డిస్కును మాత్రం తాకకండి, కాలుతుంది. ముందు రెండూ ఒకలా, వెనక రెండూ ఒకలా వెచ్చగా ఉండాలి. ఒక చక్రం ఒక్కటే సెగలు కక్కుతుంటే దొంగ దొరికినట్టే.

టైర్ల గాలి గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను రెండే మాటలంటాను. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకు. ఎండాకాలం మధ్యాహ్నం నక్కలగుట్ట నుంచి కాజీపేట దాకా నడిపి, బంకులో చూసి 'ఎక్కువైంది' అని తీసేస్తే, తెల్లారేసరికి తక్కువవుతుంది. ప్రతి ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్ఐ తేడా వస్తుంది. సొంత గేజ్ కొనుక్కుని పొద్దున్నే ఇంట్లో చూసుకోండి. నైట్రోజన్‌కు ఇచ్చే డబ్బుతో చాయ్ తాగండి, గాలిలో ఎలాగూ 78 శాతం నైట్రోజనే.

అలైన్‌మెంట్ కూడా. మీ బండి టైర్లు వెడల్పు, అవి కొంచెం వంకరగా ఉన్నా ఈడ్చుకుపోయేది ఎక్కువ. టైరు మీద లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే చూపించుకోండి.

ఇక బండి కింద. ఇది చాలామంది పట్టించుకోరు. ఇలాంటి కార్లకు ముందు బంపరు కింది నుంచి ఇంజిన్ కిందిదాకా ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, గాలి కింద చిక్కుకోకుండా జారిపోవడానికి. మన స్పీడు బ్రేకర్లు దాన్ని బతకనివ్వవు. ఒక మూల విరిగితే అది రోడ్డుకు రాసుకుంటూ చప్పుడు చేస్తుంది, ఏదో ఒక షెడ్డువాడు "ఉత్తదే సార్, తీసేద్దాం" అని తీసి మూల పడేస్తాడు. నాదీ ఒక తప్పు ఉంది ఇందులో. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక బండికి అలాగే తీసేశాను. హైవే మీద గాలి మోత పెరిగిందని, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోందని ఓనరు రెండుసార్లు తిరిగొచ్చాడు. రెండుసార్లూ ప్లగ్గులు, ఫిల్టర్లు చూశాను గానీ నేను తీసేసిన షీటు గుర్తుకు రాలేదు. మూడోసారి కింద పడుకుని చూస్తే సిగ్గేసింది. మీ బండిని లిఫ్టు మీద ఎక్కించినప్పుడు షీటు ఉందో లేదో, స్క్రూలన్నీ ఉన్నాయో లేదో చూడండి. పాత ఓనరు వెనక పెద్ద రెక్క లాంటి స్పాయిలర్ పెట్టించి ఉంటే తీయించండి. రేస్ ట్రాక్ మీద అది చక్రాలను నేలకు అదుముతుంది. భువనగిరి బైపాస్ మీద అది పెట్రోలు అడగడం తప్ప ఏమీ చేయదు.

ఎయిర్ ఫిల్టర్ మార్చితే మైలేజీ పెరుగుతుందన్న మాట కార్బురేటర్ల కాలం నాటిది. ఇంజెక్షన్ బండిలో గాలి ఎంత వస్తే పెట్రోలు అంతే పోస్తుంది కంప్యూటరు. ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది, మైలేజీ పెద్దగా కదలదు. మార్చండి, కానీ ఆశ పెట్టుకోకండి. ట్యాంకులో పోసే సీసాలు, పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాలు, సిగరెట్ లైటర్లో గుచ్చే డబ్బాలు: ఇవన్నీ అమ్మేవాడి మైలేజీ పెంచేవే.

పెట్రోలు గురించి కొంచెం ఓపిగ్గా వినండి, ఇందులో తికమక ఉంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులు. కాబట్టి ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పోస్తే, అచ్చమైన పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం తక్కువ రావడం లెక్క ప్రకారం సహజం. దాన్ని బండి లోపంగా చూడొద్దు. ఆక్టేన్ అనేది వేరు. అది శక్తి కాదు, ఒత్తిడికి ముందే భగ్గుమనకుండా ఆగే గుణం. మీ బండి పుస్తకంలో 87 అని ఉంటుంది. అది అమెరికా కొలత, మన కొలతలో 91కి సమానం, అంటే మన మామూలు పెట్రోలు చాలు. కొందరు 87 చూసి 'మన పెట్రోలు దీనికంటే ప్రీమియం కదా' అని పొరబడతారు, ఇంకొందరు స్పోర్ట్స్ కారు కదా అని వంద ఆక్టేన్ కోసం హైదరాబాద్ దాకా వెతుకుతారు. నిలకడగా 95లో పోయే టర్బో లేని ఇంజిన్‌కు వంద ఆక్టేన్ తెచ్చిపెట్టేది ఏమీ లేదు. ఎండాకాలం, ఏసీ, నలుగురు మనుషులు ఉన్నప్పుడు 95 ఆక్టేన్ పోస్తే నాకింగ్ (ముందే భగ్గుమనడం) భయం లేకుండా టైమింగ్ పూర్తిగా దొరుకుతుంది, అది చాలు. పోర్షా 718 లాంటి టర్బో బండ్ల సంగతి వేరు, వాటికి 95కి తగ్గొద్దు. ఒక జాగ్రత్త: మీ బండి ఈ20 కోసం తయారైంది కాదు, పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో అలాగే ఉంచకండి, రబ్బరు పైపులను సర్వీసు చేసినప్పుడల్లా చూపించుకోండి.

ఏసీ కట్టేసి అద్దాలు దించుకుని పోవాలా అని మే నెలలో ప్రతివాడూ అడుగుతాడు. వద్దు. హైవే వేగంలో తెరిచిన అద్దాల వల్ల గాలి అడ్డు పెరుగుతుంది, పైగా వడదెబ్బ. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి వేడి పోనిచ్చి, ఆ తర్వాత మూసి ఏసీ వేయండి. నిలబడ్డప్పుడు మాత్రం ఇంజిన్ కట్టేయండి. ఐదు లీటర్ల వీ8 ఊరికే తిరుగుతూ ఏసీ నడిపితే గంటకు లీటరు దాటి తాగుతుంది.

లెక్క ఎలా వేయాలో చెప్పకపోతే పైదంతా వృథా. డ్యాష్‌బోర్డు అంకెను నమ్మొద్దు, అది యజమానిని సంతోషపెట్టే అంకె. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. నాజిల్ మొదటిసారి టక్కుమనగానే ఆపించండి, "సార్ రౌండ్ ఫిగర్ చేస్తా" అంటే వద్దనండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. రానూపోనూ అయ్యాక అక్కడే మళ్లీ అలాగే నింపండి. కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. ఒక్క వారం అంకెతో తీర్పు చెప్పకండి. గాలి ఎదురైందా, వాన పడిందా, గుట్టలో ఉత్సవాల రద్దీ ఉందా అన్నదాన్ని బట్టి అర కిలోమీటరు అటూఇటూ అవుతుంది. నాలుగు వారాల సగటు తీయండి. మేడారం జాతర వారాన్ని మాత్రం ఆ నాలుగింటిలో కలపకండి, దానికి ఏ లెక్కా ఉండదు.

ఇదే వేగంతో కరీంనగర్ వైపు పోయి, అక్కడి నుంచి రాజీవ్ రహదారి ఎక్కి రామగుండం దాకా వెళ్తే ఇంత రాదు. ఊళ్లు దగ్గర దగ్గర, స్పీడు బ్రేకర్లు, గ్రానైట్ లారీలు, పైన బొగ్గు టిప్పర్లు. ఎనిమిదిన్నర వస్తే సంతోషించండి. ఏప్రిల్, మే నెలల్లోనూ, దసరా తర్వాతా ఆ పక్క రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెట్టి. రాత్రిపూట వాటి మీదికి ఎక్కితే మైలేజీ కాదు, బంపరూ మిగలదు. మీ బండి నిజంగా ఎంత ఇవ్వగలదో చూడాలంటే ఒక ఆదివారం తెల్లవారుజామున ఎన్‌హెచ్-44 ఎక్కి కామారెడ్డి నుంచి నిర్మల్ వైపు పోండి. ఆరో గేర్లో, 90లో, కాలు కదలకుండా. అక్కడ నేను ఇదే ఇంజిన్ మీద పదకొండు దాటడం చూశాను.

పని వరుస ఇలా పెట్టుకోండి. ఈ శనివారం బండికి ఏమీ చేయకండి, నార్మల్ మోడ్‌లో 95 మించకుండా వెళ్లి రండి, ట్యాంకు లెక్క రాయండి. తొమ్మిది దాటిందంటే బండి బాగానే ఉంది, మిగతాది ఆయిల్, టైర్లతో వస్తుంది. ఎనిమిది దగ్గరే ఆగిందంటే లిఫ్టు మీద ఎక్కించాలి: ముందు క్యాలిపర్లు, తర్వాత థర్మోస్టాట్, ఆ తర్వాత కింది షీటు. ఈలోపు పాత ఓనరుకు ఫోన్ చేసి చివరి సర్వీసు బిల్లు ఫొటో పంపమనండి. దాని మీద ఆయిల్ 20డబ్ల్యూ-50 అని ఉంటే మాత్రం శనివారం దాకా కూడా ఆగొద్దు, రేపే మార్పించండి.